చిన్న సోలార్ పలక – చీకటి రాత్రులకు ఆసరా



1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలతోపాటు కరెంటు స్తంభములను కూడ కూల్చిన సంగతి మన డెల్టాలో పెద్దలు మరువలేదు. అటువంటి రోజులలో ఇంటిలో దీపము, చేతిలో సెల్‌ఫోను పనిచేయుట ఎంతో ధైర్యము. ఒక చిన్న సోలార్ పలక, ఒక బ్యాటరీ ఉన్నచో ఇది సాధ్యమే. అయితే వీటిని ఉజ్జాయింపుగా కాక లెక్క చూచుకొని కొనవలెను.

"మా డాబాపై పలకలు ఉన్నవి గదా" అని కొందరు అనవచ్చును. కరెంటు లైనుతో కలిపి, బ్యాటరీ లేకుండ అమర్చిన పలకలు లైనులో కరెంటు పోగానే తామును ఆగిపోవును. లైనుపై పనిచేయువారికి ప్రమాదము కలుగకుండుటకే ఈ ఏర్పాటు.

లెక్క కట్టు విధము

బ్యాటరీ చెరువు వంటిది. పలక దానిని నింపు కాలువ వంటిది. చేనుకు కావలసిన నీటిని బట్టి చెరువు, చెరువును బట్టి కాలువ ఉండవలెను. వాట్లను గంటలతో హెచ్చించిన వాట్-గంటలు వచ్చును. ఒక ఇంటికి రోజుకు:

5 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు, 5 గంటలు – 50
సెల్‌ఫోనులు రెండు – 30
20 వాట్ల డి.సి. ఫ్యాను, 5 గంటలు – 100
మొత్తము – 180 వాట్-గంటలు

దీనిని 12 వోల్టులతో భాగించిన 15 ఆంపియర్-గంటలు. రెండు రాత్రులకు 30. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికి సగమునకు మించి ఖాళీ చేసిన త్వరగా పాడగును. కావున 60 ఆంపియర్-గంటల సోలార్ బ్యాటరీ కొనవలెను. కారు బ్యాటరీ ఇందుకు తగదు.

మధ్యలో పోవు నష్టమును కలుపుకొని పలకనుండి రోజుకు సుమారు 250 వాట్-గంటలు రావలెను. మంచి ఎండలో 50 వాట్ల పలక చాలును గాని, మబ్బు రోజులను తలచి 100 వాట్ల పలక పెట్టుట మేలు.

అమర్చుటలో జాగ్రత్తలు

1. పలకను దక్షిణ ముఖముగా వాల్చవలెను. మీటరు పొడవు పలకకు వెనుక అంచు 30 సెంటీమీటర్లు ఎత్తుండిన సరిపోవును.
2. ఒక్క కొబ్బరిమట్ట నీడ పడినను కరెంటు బాగుగ తగ్గును. దుమ్ము, మిల్లుల ఊకబూడిద చేరినచో తెల్లవారుజామున మంచినీటితో కడుగవలెను.
3. 12 వోల్టుల పలక ఎండలో 20 వోల్టులకు పైగా ఇచ్చును. కావున దీపమును, ఫోనును నేరుగా తగిలింపరాదు. నడుమ చార్జ్ కంట్రోలరు ఉండవలెను. దానికి ముందు బ్యాటరీని, తరువాత పలకను కలుపవలెను. విప్పునప్పుడు ముందు పలకను విప్పవలెను.
4. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు వేయవలెను. తీగలు లావుగా, పొట్టిగా ఉండవలెను.
5. నీరు పోయు బ్యాటరీనుండి మండు వాయువు వచ్చును. గాలి ఆడుచోట ఉంచి, దగ్గరకు నిప్పు తేరాదు. డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను.
6. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి తుప్పు పట్టకుండ బ్యాటరీ కొనలకు వాజలైను పూయవలెను.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

గాలి మొదలు కాకముందే పలకను విప్పి ఇంటిలో భద్రపరుపవలెను. బ్యాటరీ అప్పటికి నిండియుండవలెను. ఫ్యాను ఆపివేసినచో ఖర్చు రోజుకు 80 వాట్-గంటలే. రెండు రాత్రులకని ఉంచుకొన్న కరెంటు నాలుగు రాత్రులు వచ్చును. తుపాను వెలిసి ఎండ రాగానే పలకను మరల బిగించుకొనవలెను.

కావున, అంగడికి పోకముందు మీ ఇంటి లెక్కను ఒక కాగితముపై వ్రాసికొని, ఆ కాగితముతోనే పొండు.