హెడ్‌లైట్లు మార్చే ముందు ఒక్క మాట, చెల్లీ

కారు హెడ్‌లైట్లు పచ్చబడి మసకేశాయని, షెడ్డులో చూపిస్తే "మేడమ్, రెండూ మార్చేయాల్సిందే" అన్నారని బెంగపడుతున్నావు కదా. ఆగమ్మా. డబ్బు తీసేముందు ఓ చెంబుడు నీళ్లు తీసుకుని కారు దగ్గరికెళ్లు. ఆ నీళ్లు హెడ్‌లైట్ మీద పోసి చూడు. తడిగా ఉన్నంతసేపూ తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకేసిందనుకో, జబ్బు పైపైనే ఉన్నట్టు. అరగదీస్తే పోతుంది. తడిపినా అలాగే ఉంటే లోపలివైపో, ప్లాస్టిక్ మందంలోనో చెడిందన్నమాట. దానికి పైనుంచి ఎంత రుద్దినా లాభం లేదు.

అవును, ప్లాస్టిక్కే. అంబాసిడర్‌కీ పద్మినికీ గుండ్రటి గాజు దీపాలుండేవి, గుర్తుందా? రాయి తగిలితే భళ్లున పగిలేవే గానీ ఎండకి పచ్చబడేవి కావు. ఇప్పటి కార్లవి పాలికార్బొనేట్‌వి. 1953లో జర్మనీలో బేయర్ వాళ్లూ, అమెరికాలో జీఈ వాళ్లూ ఎవరికి వాళ్లుగా కనిపెట్టిన సరుకు అది. దెబ్బకి ఓ పట్టాన పగలదు గానీ, గీతలు ఇట్టే పడతాయి. ఎండ అసలు పడదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద పలచటి గట్టి పూత వేసి పంపుతారు. బెజవాడ లాంటి చోట ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ కారుకి ముందు పోయేది ఆ పూతే. పొట్టులా లేస్తుంది, దాని అడుగున ప్లాస్టిక్ పచ్చబడుతుంది.

చూడ్డానికి బాగోదన్న గొడవ ఒక్కటే కాదిది. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2018లో పరీక్షించి చూస్తే, బాగా మసకేసిన దీపాలు కొత్తవి ఇచ్చే వెలుతురులో 20 శాతమే ఇచ్చాయట. పనివాళ్ల చేత బాగుచేయిస్తే దాదాపు 70 శాతానికి వచ్చింది. వెలుతురు చాలట్లేదని ఇంకా పెద్ద బల్బు వేయించమని ఎవరైనా చెబితే వినకు. మసక లెన్సు ఆ వెలుతురుని ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి, ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడుతుంది.

ఇక టూత్‌పేస్టు చిట్కా. పనిచేయదని అనను, కాసేపు మెరుస్తుంది. పేస్టులో ఉండే సన్నటి పొడి పైమురికినీ కాస్త పూతనీ గీకేస్తుంది, అంతే. ఉన్న కాస్త రక్షణా పోయింది గనక మరుసటి ఎండాకాలానికి ముందుకంటే పచ్చగా తయారవుతుంది.

అసలు పని ఎలా ఉండాలో చెబుతాను, దగ్గరుండి చూసుకో. ముందు చుట్టూ ఉన్న పెయింటుకి మాస్కింగ్ టేపు అంటించాలి. తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో, నీళ్లు చల్లుతూ రుద్దాలి. మొదట పచ్చటి చిక్కటి నీళ్లు కారతాయి. అవి తెల్లబడేదాకా పేపరు మార్చకూడదు, పాత పూత మొత్తం పోయిందనడానికి అదే గుర్తు. ఆ తర్వాత 1500, 2000, 3000. ఒకసారి అడ్డంగా రుద్దితే మరోసారి నిలువుగా. అలా అయితేనే ముందు పేపరు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. మధ్యలో లెన్సు తెల్లగా, ఇంతకుముందుకంటే ఘోరంగా కనిపిస్తుంది. గుండె జారిపోనక్కర్లేదు. కాంపౌండు పెట్టి బఫింగ్ చేయగానే తేటబడుతుంది. మిషన్ని మాత్రం ఒకేచోట ఆనించి ఉంచనివ్వకు, వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. థిన్నరూ పెట్రోలూ పెట్టి తుడవనివ్వకు, సన్నటి బీటలు వస్తాయి.

మెరుపు రాగానే "అయిపోయింది మేడమ్" అంటారు. అవలేదు! పైన ఎండని ఆపే యూవీ క్లియర్ కోటు వేస్తేనే పని పూర్తయినట్టు. నన్నడిగితే, ఆ కోటు వేయనివాడికి అసలు అరగదీసే పనే ఇవ్వకూడదు. బేరం ఆడేటప్పుడే అడిగెయ్.

రాళ్లు తగిలి పడిన గుంటల సంగతి వేరు. లెన్సు మీద గోరు జరిపి చూడు. గోరు తట్టుకునేంత లోతుగా ఉంటే దాన్ని పూర్తిగా పోగొట్టాలని అక్కడే అరగదీయిస్తే పల్లం పడి, వెలుతురు వంకర తిరుగుతుంది. హైవేలో లారీ చక్రం విసిరిన కంకరకి పడిన చిన్న గుంటలైతే నేనలాగే వదిలేయమంటాను, వెలుతురుకి పెద్దగా అడ్డు రావు. బీట లోపలిదాకా దిగి ఉంటే మాత్రం లెన్సుకి పాలిష్ దండగ. నీళ్లు దిగి లోపలి వెండి మెరుపు పొరని తినేస్తాయి. అప్పుడు మార్చడమే. మార్చేదాకా పైన పారదర్శకమైన టేపు అంటించుకో. వాన పడ్డాకో, కారు కడిగాకో లోపల కాస్త ఆవిరి పట్టి, కాసేపటికి అదే పోతుంటే కంగారుపడకు. దీపాలకి గాలాడే రంధ్రాలుంటాయి, అది మామూలే.

ఇంకోటి. మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయి పొడిగుడ్డతో దుమ్ము దులుపుతాడు కదా, గీతల్లో సగం ఆ గుడ్డవే. ముందు నీళ్లు పోసి, ఇసుక జారిపోయాక తుడవమని చెప్పు. వినకపోతే హెడ్‌లైట్లు ముట్టుకోవద్దని చెప్పి, వాటిమటుకు నువ్వే కడుక్కో.