వైరస్: విషం నుంచి వచ్చిన పేరు

లాటిన్‌లో 'వైరస్' అంటే విషం. సంస్కృతంలోని 'విష' శబ్దానికీ దీనికీ ఇండో-యూరోపియన్ మూలం ఒక్కటే. తెలుగునాట వైరల్ జ్వరాలను 'విషజ్వరాలు' అనడంలోనూ ఆ భావమే ఉంది.

1892లో రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ ఇవనోవ్‌స్కీ, మొజాయిక్ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బాక్టీరియా దాటలేని ఫిల్టర్‌తో వడకట్టాడు. ఆ రసం కూడా తెగులు కలిగించింది. అది విషమే అయితే ఒక మొక్క నుంచి మరో మొక్కకు ఎక్కించేకొద్దీ పలచబడాలి. అలా జరగలేదు. ఆ కారకం సజీవ కణజాలంలో వృద్ధి చెందుతోందని 1898లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టినస్ బైజరింక్ గుర్తించి, దాన్ని 'వైరస్' అన్నాడు.

విషం తనంతట తాను పెరగదు. వైరస్ జీవకణంలో చేరి తన ప్రతులను తయారు చేయించుకుంటుంది. బాక్టీరియా కణభాగాలపై పనిచేసే యాంటీబయాటిక్ మందులు, అసలు కణమే లేని వైరస్‌ను ఏమీ చేయలేవు.