ప్రిటోరియాలో తొలి రాత్రి

ఒక వ్యాజ్యం నిమిత్తం 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్లిన గాంధీజీ, ఒక ఆదివారం రాత్రి ప్రిటోరియాలో రైలు దిగారు. స్టేషనులో దీపాలు మసకగా వెలుగుతున్నాయి. ఎదురు వచ్చినవారెవరూ లేరు. దారి పొడవునా వర్ణవివక్షను చవిచూసిన ఆయన, బస అడిగితే మరల అవమానం తప్పదేమోనని సంశయించారు. సమీపంలో నిలిచి ఉన్న నల్లజాతి అమెరికన్ ఒకడు తానుగా పలకరించి, జాన్‌స్టన్ అనే అమెరికా దేశీయుని హోటలుకు వెంటబెట్టుకొని వెళ్లాడు.

యూరోపియన్ అతిథులు నొచ్చుకొంటారన్న శంకతో, గదిలోనే భుజించాలన్న నియమంపై జాన్‌స్టన్ ఆశ్రయమిచ్చాడు. అయితే కొంతసేపటికి అతడే వచ్చి, అతిథులను అడిగితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదని తెలిపి, భోజనశాలకు ఆహ్వానించాడు.

వివక్ష చట్టాలలోనే కాదు, ఇతరులు ఒప్పుకోరన్న ఊహలోనూ దాగి ఉంటుంది. ఆ రాత్రి ఆ ఊహను తొలగించడానికి ఒక్క ప్రశ్న చాలింది. స్టేషనులో ఆదుకొన్న అపరిచితుని పేరు గాంధీజీ ఆత్మకథలో లేదు. అతని ఆదరణ మాత్రం అందులో నిలిచి ఉంది.