కడలి అడుగున చమురు – చిన్న మదుపరి లెక్క

చమురు అమ్మే కంపెనీ వేరు, చమురు వెదకే కంపెనీ వేరు. మొదటిదానికి పారుతున్న బావులు, గొట్టపు మార్గాలు, కొనుగోలుదారులు ఉంటారు. రెండవదానికి ఉండేవి ఒక ప్రభుత్వ అనుమతి పత్రం, కొన్ని పటాలు, నలుగురైదుగురు భూగర్భ శాస్త్రజ్ఞులు, బ్యాంకులో కొంత నగదు. ఆ నగదు కూడా వాటాదారులు సమకూర్చినదే. సముద్రంలో ఒకటి రెండు బావులు తవ్వేసరికి అది హరించుకుపోతుంది. ఇటువంటి కంపెనీ షేర్లను జీతంలో మిగిల్చిన సొమ్ముతో కొనే చిన్న మదుపరి నిజానికి కొంటున్నదేమిటి? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

మేము బోధించేది తెలుగు, వాణిజ్యశాస్త్రం కాదు. అయినప్పటికీ ఈ విషయాన్ని చేపట్టడానికి కారణం కలదు. ఈ రంగంలో మదుపరి కంటికి చమురు కనబడదు, ప్రకటనలు మాత్రమే కనబడతాయి. ఆ ప్రకటనలలో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వెల ఉన్నది. మాటను మాటగా చదవడం భాషోపాధ్యాయుని పనియే గదా! పైగా మన విద్యార్థులలో పలువురు నేడు చేతిఫోనులోనే షేర్లు కొంటున్నారు. ఆ సొమ్ములో కొంత గల్ఫ్ దేశాలనుండి అన్నలు, మేనమామలు పంపినదేనని మేము ఎరుగుదుము.

ఉదాహరణకు దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని ఫాక్‌లాండ్ దీవులను తీసుకుందాం. అవి బ్రిటన్ పాలనలోనివి. అర్జెంటీనా తనవని వాదిస్తుంది. 1982లో ఆ రెండు దేశాల మధ్య వాటికొరకే యుద్ధం జరిగింది. ఆ దీవులకు ఉత్తరాన, సముద్రపుటడుగున, అతి ప్రాచీన కాలంలో ఒక పెద్ద సరస్సు ఉండేది. దాని అడుగున పేరుకొన్న నాచు, బురద కాలక్రమాన నల్లని పలకరాయిగా మారి, భూగర్భ తాపానికి చమురును పుట్టించింది. చమురు నిలవడానికి మూడు రాళ్ళు కావాలి. చమురును కన్న మాతృశిల ఒకటి. దానిని స్పంజివలె పీల్చి పట్టే ఇసుకరాయి ఒకటి. పైకి పోనీయని మూతరాయి ఒకటి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా బావి వ్యర్థమే.

1998లో కొన్ని పెద్ద కంపెనీలు కలిసి అక్కడ ఆరు బావులు తవ్వాయి. ఐదింటిలో చమురు జాడలు కనిపించాయి. మాతృశిల సమృద్ధిగా ఉన్నదని తేలింది, గాని మంచి ఇసుకరాయి దొరకలేదు. అదే కాలంలో ప్రపంచ విపణిలో చమురు ధర పీపాకు పది డాలర్ల దరిదాపులకు పడిపోయింది. పెద్దలు లేచి వెళ్ళిపోయారు. వారు విడిచిన చోట చిన్న కంపెనీలు నిలిచాయి. వాటిలో డిజైర్ పెట్రోలియం ఒకటి. 2004లో స్థాపితమై అక్కడి ఒక జాతి పెంగ్విన్ పేరు పెట్టుకున్న రాక్‌హాపర్ మరొకటి. రెండూ లండన్ స్టాక్ ఎక్స్చేంజి 1995లో చిన్న సంస్థలకొరకు ప్రారంభించిన ఎయిమ్ అనే విపణిలో నమోదైనవే. బ్రిటన్‌లోని సామాన్య మదుపరులు వేలాదిగా ఈ షేర్లను కొన్నారు.

పన్నెండేళ్ళు ఎదురుచూపులోనే గడిచాయి. చిన్న కంపెనీకి సొంత రిగ్గు ఉండదు, అద్దెకు తెచ్చుకోవాలి, రోజుకు ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది. చివరకు ఓషన్ గార్డియన్ అనే తేలే రిగ్గును స్కాట్లండ్ నుండి ఓడలతో లాగుకొని బయలుదేరారు. అది 2010 ఫిబ్రవరిలో దీవులను చేరింది. మదుపరులు ఆ రిగ్గు ప్రయాణాన్ని, మనవాళ్ళు హజ్ యాత్రికుల ఓడకోసం రేవులో ఎదురుచూసిన రోజులవలె, దినదినమూ లెక్కించారు. అర్జెంటీనా నిరసన తెలిపింది. షేర్ల ధరలు మాత్రం పెరుగుతూ పోయాయి.

డిజైర్ కంపెనీ తన బావులకు ఆడపిల్లల పేర్లు పెట్టింది. మొదటిది లిజ్. 2010 మార్చి చివర ఫలితం వచ్చింది: చమురు ఉండవచ్చును గాని కొద్దిపాటిది, నాణ్యత తక్కువది. ఒక్కరోజులో షేరు ధర దాదాపు సగానికి దిగింది. మే నెలలో రాక్‌హాపర్ వంతు. దీవులకు ఉత్తరంగా సుమారు 220 కిలోమీటర్ల దూరాన, 450 మీటర్ల లోతు నీటిలో, సీ లయన్ అనే స్థలంలో తవ్విన బావిలో చమురు కనబడింది. ఆ షేరు ఒక్కనాటిలో రెట్టింపును మించింది. ఈ బావి సంఖ్య 14/10-2. షెల్ కంపెనీ 1998లో తవ్వి విడిచినది 14/10-1. సంఖ్యలను బట్టే ఒకే గడిలోని రెండు బావులని తెలుస్తుంది. పాత సరస్సు తూర్పు ఒడ్డునుండి ఇసుక జారి వచ్చి పడిన చోటును రెండవవారు పట్టుకున్నారు, తేడా అంతే.

పొరుగువాని అదృష్టం మనిషిని ఎక్కువగా ఊరిస్తుంది. సీ లయన్ తరువాత డిజైర్ షేరు మరల లేచింది. ఆ సంవత్సరం డిసెంబరు తొలి వారంలో, ఒక శుక్రవారం నాడు, రేచెల్ నార్త్ అనే బావిలో హైడ్రోకార్బనుల సూచనలు కనబడ్డాయని ఆ కంపెనీ ప్రకటించింది. షేరు ఎగిరింది. సోమవారం మరొక ప్రకటన వెలువడింది. నమూనా తీసి చూడగా అది నీరు! షేరు కుప్పకూలింది.

ఇందులో మోసమే ఉండనక్కరలేదు. బావిలోనికి దించే పరికరం చమురును చూడదు. రాతి విద్యున్నిరోధకతను కొలుస్తుంది. చమురు విద్యుత్తును అడ్డుకుంటుంది, ఉప్పునీరు అడ్డుకోదు. కాని ఉప్పు తక్కువైన నీరు కూడా అడ్డుకొంటుంది. కాబట్టి పరికరం చెప్పేది అనుమానమే. సీసాలోనికి వచ్చిన ద్రవమే సాక్ష్యం. శుక్రవారపు ప్రకటనలో ఉన్నది మొదటిది మాత్రమే. చాలామంది మదుపరులు దానిని రెండవదిగా చదివారు. శనాదివారాలలో ఎన్ని ఇండ్లలో ఎన్ని లెక్కలు వేసుకొని ఉంటారో!

ఈ రంగపు పరిభాషలో ఒక మెట్లవరుస ఉన్నది. సర్వే పటంలో ఆశ గొలిపే ఆకృతిని ప్రాస్పెక్ట్ అంటారు. అక్కడ ఉండగల చమురును సంభావ్య వనరు అనవచ్చును. బావి తవ్వి చమురు కనుగొన్న తరువాత, ఇంకా తీసే ఏర్పాటు కుదరని దానిని సాపేక్ష వనరు అందురు. ధర, గొట్టాలు, అనుమతులు, పెట్టుబడి అన్నీ కుదిరి, లాభానికి తీయవచ్చునని తేలినదే నిల్వ. ఉర్దూ చదివే మన విద్యార్థులకు చెప్పాలంటే మొదటిది ఉమ్మీద్, చివరిది యకీన్. మొదటి మెట్టు మీది పీపాలను చివరి మెట్టు ధరకు గుణించడం చిన్న మదుపరి చేసే మొదటి తప్పు. ‘యాభై కోట్ల పీపాలు, పీపాకు ఎనభై డాలర్లు’ అని కాగితం మీద హెచ్చవేయడానికి అర నిమిషం చాలును.

రెండవ తప్పు ఇంతకంటె సూక్ష్మమైనది. దానికి ఒక కల్పిత లెక్క వేసి చూద్దాం. ఒక కంపెనీ బావి తవ్వబోతున్నది. చమురు పడితే షేరు వంద రూపాయలు చేస్తుంది. పడకపోతే మిగిలిన నగదును బట్టి పది రూపాయలు. పడే అవకాశం అయిదింట ఒకటి అని శాస్త్రజ్ఞులు చెప్పారు. కొత్త ప్రదేశాలలో ఈపాటి అవకాశం సామాన్యమే. అప్పుడు షేరుకు న్యాయమైన ధర ఎంత? వందలో అయిదవ వంతు ఇరవై. పదిలో అయిదింట నాలుగు వంతులు ఎనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది. రిగ్గు దగ్గరపడుతున్నకొద్దీ ఉత్సాహం హెచ్చి ధర నలభై అయిదుకు చేరిందనుకుందాం. ఆ ధరకు కొన్నవాడు, తాను ఎరుగకుండానే, చమురు పడే అవకాశం నూటికి 39 పాళ్ళు అని ఒప్పుకున్నట్లు. భూమి ఇరవయ్యే అంటున్నది. భూమి మనసు మార్చుకోలేదు, కొనేవాడు మార్చుకున్నాడు. కంపెనీ చెప్పినదంతా సత్యమైనా, బావి నిజాయితీగా తవ్వినా, ఇట్టివాడు పదిసార్లు ఆడితే చివరకు పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ. ‘ఈ బావిలో చమురు ఉన్నదా?’ అన్నది అందరూ అడిగేదే. ‘ఈ ధరలో ఎంత ఆశ ఇదివరకే కలిసి ఉన్నది?’ అని అడిగేవారు బహు తక్కువ.

నాలుగు బావులు తవ్వుతారు గదా, ఒక్కటైనా తగలదా అని కొందరంటారు. అయిదింట ఒక అవకాశమున్న బావులు నాలుగు తవ్వితే నాలుగూ వ్యర్థమయ్యే అవకాశం నూటికి 41. అదీ బావులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే. ఒకే ప్రాంతంలో ఇసుకరాయి కొరవడితే అన్నీ కలిసి విఫలమవుతాయి. డిజైర్ కంపెనీ 2010, 2011 సంవత్సరాలలో తాను తవ్విన బావులలో అమ్మకానికి పనికివచ్చే చమురును కనుగొనలేకపోయింది.

మరి నెగ్గిన రాక్‌హాపర్ మాట? సీ లయన్ చమురు మైనం పాలు ఎక్కువైనది, చల్లబడితే గడ్డకడుతుంది, వేడి చేస్తూ తీయాలి. దగ్గరలో ఓడరేవు వసతి గాని, శుద్ధి కర్మాగారం గాని లేవు. ఇంతటి పని చిన్న కంపెనీకి అలవి కాదు గనుక 2012లో నూటికి 60 వంతుల హక్కును ప్రీమియర్ ఆయిల్ అనే పెద్ద కంపెనీకి ఇచ్చింది. 2014 తరువాత చమురు ధర పతనమైంది. తరువాత కరోనా వచ్చింది. ప్రీమియర్ 2021లో మరొక సంస్థలో విలీనమైంది. కొత్త యజమాని ఈ పనినుండి తప్పుకొనగా 2022లో నవిటాస్ అనే ఇజ్రాయిల్ సంస్థ ప్రవేశించింది. కనుగొన్న నాటినుండి పదిహేనేళ్ళు నిండిన 2025 మే నాటికి ఆ క్షేత్రంనుండి ఒక్క పీపా కూడా అమ్మకానికి రాలేదు. ఈ నిరీక్షణ కాలమంతటా కంపెనీకి ఖర్చులు ఉంటాయి. అమ్మకాలు లేని కంపెనీ ఖర్చుకు కొత్త షేర్లు జారీ చేస్తుంది. అవి తరచుగా పెద్ద సంస్థలకు విపణి ధరకంటె తగ్గించి ఇవ్వబడతాయి. పాత వాటాదారు చేతిలోని షేర్ల సంఖ్య మారదు; చెరువు అంతే ఉండి పాలివాళ్ళు పెరిగినట్లు, అతని వంతు సన్నగిల్లుతుంది.

చమురు, వాయువు కనుగొని, తీసిన తరువాత కూడా లెక్క మారవచ్చునని మన కాకినాడ తీరమే చూపింది. రిలయన్స్ కంపెనీ 2002లో కృష్ణా గోదావరి లోతు నీటిలో సహజవాయువును కనుగొన్నది. 2009 ఏప్రిల్‌లో గాడిమొగ వద్ద ఒడ్డుకు చేర్చింది. రోజుకు ఎనిమిది కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తిని ఆశించారు. 2010లో ఆరు కోట్లు దాటి, అక్కడినుండి తగ్గుముఖం పట్టింది. మొదటి రెండు క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతబడ్డాయి. తరువాత పొరుగు క్షేత్రాలనుండి వాయువు మరల వచ్చింది గాని అది వేరు కథ. శుద్ధి కర్మాగారాలున్న అంతటి సంస్థ ఆ దెబ్బను ఓర్చుకోగలిగింది. ఒక్క క్షేత్రమే ఆస్తిగా గల కంపెనీకి ఆ ఓర్పు ఎక్కడిది?

ఇది జూదమా అన్న ప్రశ్న మన కళాశాలలో తప్పక పుడుతుంది. మేము ముఫ్తీలము కాము. ఫత్వా చెప్పడం మా పని కాదు. అయితే ఫిఖ్హ్ గ్రంథాలలో ‘గరర్’కు చెప్పే ఉదాహరణలు ఇక్కడ దారి చూపుతాయి. నీటిలోని చేపను పట్టకముందు అమ్మరాదు. ఆకాశంలోని పక్షిని అమ్మరాదు. పడని చమురును పీపాల లెక్కన అమ్మితే అది నీటిలోని చేపయే. కాని కంపెనీలో వాటా కొనడం లాభనష్టాలు రెండింటిలోనూ పాలుపంచుకోవడం; ముషారకా పద్ధతిని ఇస్లాం అంగీకరించింది. నష్టం రావచ్చుననే భయం ఉన్నంత మాత్రాన వ్యాపారం నిషిద్ధం కాదు. పూర్వపు అరబ్బు వర్తకులు ఓడలు ఎక్కినది ఆ భయంతోనే. మా అభిప్రాయంలో తేడా కొనేవాని చేతిలోనే ఉన్నది. అనుమతి పత్రాన్ని, నగదును, అవకాశాన్ని లెక్కించి, పోయినా ఇల్లు గడిచే సొమ్ము పెట్టినవాడు భాగస్వామి. ఫలితానికి రెండు రోజుల ముందు ఎవరో చెప్పగా విని, చెల్లెలి పెండ్లి సొమ్ము పెట్టి, మరునాడు అమ్మజూసేవాడు మైసిర్‌కు ఎంత దూరంలో ఉన్నాడో అతడే ఆలోచించుకోవలెను.

డిజైర్ షేర్లను అమ్మకుండా అట్టేపెట్టుకొన్నవారి సంగతి మిగిలింది. ఆ కంపెనీని 2013లో ఫాక్‌లాండ్ ఆయిల్ అండ్ గ్యాస్ తనలో కలుపుకొన్నది. దానిని 2016 జనవరిలో రాక్‌హాపర్ కలుపుకొన్నది. రెండుసార్లు మారకం జరిగి, ప్రతిసారీ సంఖ్య తగ్గి, వారి చేతికి కొద్దిపాటి రాక్‌హాపర్ షేర్లు వచ్చాయి. లిజ్ మీద, రేచెల్ మీద ఆశపెట్టుకొన్నవారు ఆ విధంగా చివరకు పొరుగువాడు కనుగొన్న సీ లయన్‌లో చిన్న పాలివారైనారు.