చిన్న గుడ్లగూబ పట్టుకున్న ఒక్క మాట

అమ్మలూ,

బడిలో వేసిన దగ్గర్నుంచీ మీ బుజ్జిగాడికి పొద్దున్నే కడుపునొప్పి వస్తోందనీ, ఆదివారం మాత్రం రావడం లేదనీ రాశావు. వాడికి ధైర్యం వచ్చే బొమ్మల పుస్తకాలు చెప్పమన్నావు. ధైర్యం నూరిపోసే పుస్తకం ఇంతవరకూ ఎవరూ రాసినట్టు లేదు గానీ, భయపడే పిల్లాడి పక్కన కూర్చునే పుస్తకాలు కొన్ని ఉన్నాయి.

ముందు 'ఔల్ బేబీస్' తెప్పించు. మార్టిన్ వాడెల్ రాయగా పాట్రిక్ బెన్సన్ బొమ్మలు వేసిన ఈ పుస్తకం 1992లో వచ్చింది. మూడు గుడ్లగూబ పిల్లలు రాత్రి కళ్ళు తెరిచేసరికి తొర్రలో తల్లి ఉండదు. పెద్దది, వేటకెళ్ళి ఉంటుందిలే అని సర్దిచెబుతుంది. నడిమిది దానికి వంత పాడుతుంది. అన్నిటికన్నా చిన్నది మాత్రం కథ పొడుగునా అమ్మ కావాలన్న ఒక్క మాటే పట్టుకుంటుంది. సూపర్ మార్కెట్లో తప్పిపోయిన ఓ పాప అదే మాట అంటూ నిలబడిపోవడం చూసి వాడెల్ ఈ కథ రాశాడట. "ఛ, ఏడుపెందుకు" అని ఆ చిన్నదాన్ని ఎవరూ కసురుకోరు. ముగ్గురూ ఒకే కొమ్మ మీదికి చేరతారు. తల్లి వస్తుంది. అంతే కథ. బొమ్మల నిండా అడవి చీకటే; దాని మధ్య మూడు తెల్లటి బొచ్చు ముద్దలు.

"చూశావా, మీ అమ్మ కూడా సాయంత్రం వచ్చేస్తుంది" అన్నావో, కథ కాస్తా పాఠమైపోతుంది. వాడు అటు తిరిగి పడుకుంటాడు. "చిన్నదానికి ఇప్పుడెలా ఉందంటావ్?" అని అడిగి ఊరుకో. గుడ్లగూబ పేరు మీద తన సంగతే చెప్పుకొస్తాడు. పెద్దవాళ్ళు మాత్రం "మా స్నేహితుడొకడున్నాడు" అంటూ తమ గొడవలు చెప్పుకోరూ! ఇలా అడుగుతూ, పిల్లల చేతే కథ చెప్పిస్తూ చదివితే వాళ్ళకి మాటలు పెరుగుతాయని గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే చూపించింది. వాళ్ళు చూసింది భాష సంగతే అనుకో. కానీ భయాన్ని బయటపెట్టాలన్నా ముందు దానికో మాట ఉండాలి కదా.

బడి ఆటో హారన్ కొడుతుంటే పుస్తకం తియ్యకు. రాత్రి, కడుపు నిండాక. చదివిందే నలభైసార్లు చదవమన్నా విసుక్కోకు. తరవాతి పేజీలో ఏముందో ముందే తెలియడం వాడికి పెద్ద ఊరట.

భయపెట్టే బొమ్మలు చూపించొచ్చా అని మీ ఆయన అడిగాడట. మోరిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' 1963లో వచ్చాక అమెరికాలోనూ ఇదే గోల. బ్రూనో బెటెల్‌హైమ్ అనే పేరుమోసిన మనస్తత్వవేత్త పుస్తకం చదవకుండానే ఒక మహిళా పత్రికలో దాన్ని దుయ్యబట్టాడు! అందులోని రాక్షసులు ఎవరనుకున్నావు? చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లిన బంధువులే తన నమూనాలని సెండాక్ చెప్పాడు. బొమ్మల కొలత చూడు. అల్లరికి శిక్షగా గదిలో పడ్డ మాక్స్ అనే పిల్లాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ కూడా పెరిగి, రెండు పేజీలూ ఆక్రమించి, అక్షరాల్ని బయటికి నెట్టేస్తుంది. ఇంటికి మళ్ళగానే చిన్నదవుతూ వస్తుంది. చివరి పేజీలో బొమ్మే లేదు. అన్నం చల్లారలేదని చెప్పే ఐదు మాటలు, అంతే.

నవ్వుతూ చదవాలంటే ఆంథొనీ బ్రౌన్ 'సిల్లీ బిల్లీ'. వీడికి టోపీలన్నా బెంగే, మబ్బులన్నా బెంగే. గ్వాటెమాలా వాళ్ళు చేసే బుల్లి బొమ్మలు నాయనమ్మ ఇచ్చి, నీ బెంగలు వీటికి చెప్పి పడుకో అంటుంది. హాయిగా నిద్రపోతాడు. తర్వాత, నా బెంగలన్నీ మోస్తున్న బొమ్మల గతేమిటని కొత్త బెంగ! వాటికీ బుల్లి బొమ్మలు చేసిపెడతాడు. పాత చీర ముక్కలతో మీరూ చేసుకోవచ్చు.

ఇవి ఇంగ్లీషువి కదా అనకు. బొమ్మ చూపిస్తూ తెలుగులో చెప్పు. తెలుగు పుస్తకాలు కావాలంటే తూలిక, మంచి పుస్తకం వాళ్ళవి చూడు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగానూ దొరుకుతాయి. మరో సంగతి: అన్నం తినకపోతే బూచాడొస్తాడన్న బెదిరింపు ఇంట్లో ఇంకా నడుస్తుంటే ముందు అది మాన్పించు. మీ అత్తగారికి నువ్వు చెప్పలేకపోతే మీ ఆయన చెప్పాలి.

ఈలోగా కడుపునొప్పిని పిల్లల డాక్టరుకి చూపించు. బడిలోనో ఆటోలోనో ఎవరైనా బెదిరిస్తున్నారేమో నెమ్మదిగా ఆరా తియ్యి. వారాల తరబడి నిద్ర, తిండి చెడితే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆ పని పుస్తకం చెయ్యలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మాక్స్ పుస్తకం మర్చిపోకండి. ఆ బొమ్మలేని చివరి పేజీకి వాడి చేత బొమ్మ వేయిద్దాం. రంగు పెన్సిళ్ళు ఇక్కడున్నాయి.

మీ అత్త