కారు ఫ్యాను ఆగకున్న ఏమి చూడవలెను?

మా పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో టాక్సీ నడిపి జీవించువారు పలువురు కలరు. కొందరు అప్పుచేసి సొంత కారు కొని, నెలనెలా కంతులు కట్టుకొనుచున్నారు. ఈ సంచికకు పాఠమేమి వ్రాయుదమా యని యోచించినపుడు, బడి వాకిట మేము కన్నులార చూచిన యొక సంగతియే మాకు తోచినది.

ఒక ఉదయము తొమ్మిది గంటలకు, తొమ్మిదవ తరగతి బాలిక తండ్రి యొకరు తల్లిదండ్రుల సమావేశమునకై వచ్చి, గేటు ప్రక్కన కారు నిలిపిరి. ఇంజను ఆపి తాళపుచెవి జేబులో వేసికొనిరి. అయినను బానెట్ క్రింద ఫ్యాను గిరగిర తిరుగుచునే యుండెను. సమావేశము ముగిసి మధ్యాహ్నము వారు బయటకు పోవుసరికి అది ఆగియుండెను. ఏలయన బ్యాటరీలో శక్తి యేమియు మిగులలేదు. ఆనాడు బెంగుళూరు విమానాశ్రయమునకు కుదుర్చుకొన్న బాడుగ చేజారినది.

"సార్, పోయిన నెలలోనే ఫ్యాను మోటారు కొత్తది వేయించినాను. అయినా ఇది నిలవదు. రేపటినుంచి ఫ్యూజు పెరికేసి నడుపుతాను" అనిరి వారు.

"వద్దయ్యా, ఆ పని మాత్రం చేయవద్దు" అంటిమి.

ఆ మాట పుస్తకము చూచి చెప్పినది కాదు. పూర్వము మా పాఠశాల వ్యానుకు ఇట్టి రోగమే వచ్చినపుడు, ఫ్యాను తీగ ఊడదీసి నడుపుమని డ్రైవరునకు చెప్పినవారము మేమే. రెండు దినములు బాగుగనే నడచినది. మూడవనాడు సంత రద్దీలో ఆగి ఆగి పోవుచుండగా ఇంజను మితిమీరి కాగి, హెడ్ గాస్కెట్ కాలి, సిలిండరు హెడ్డు వంకరపోయినది. ఆ యేటి ప్రయోగశాల సామగ్రికని ఉంచిన సొమ్మును ఆ మరమ్మతు మ్రింగివేసినది. పిల్లలు ఆ సంవత్సరము ప్రయోగములను నల్లబల్లమీది బొమ్మలలోనే చూచిరి.

ముందుగా ఫ్యాను ఎందులకో తెలియవలెను. ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో రమారమి మూడవ వంతు మాత్రమే బండిని నడుపుటకు వచ్చును. దాదాపు మరియొక మూడవ వంతు పొగతో బయటకు పోవును. మిగిలిన వేడిని ఇంజను చుట్టును తిరుగు కూలెంటు ద్రవము మోసికొని రేడియేటరునకు తెచ్చును. అచ్చట గాలి దానిని హరించును. బండి వేగముగ పోవునపుడు ఎదురుగాలియే చాలును. రద్దీలో నిలిచినపుడు గాలి యుండదు గనుక ఫ్యాను అవసరమగును. 2014 వరకు తయారైన అంబాసిడరు కారులో సామాన్యముగ ఫ్యానును ఇంజనే బెల్టుతో త్రిప్పెడిది. ఇంజను నడచినంతసేపు తిరుగును, ఆగినచో ఆగును. ఇప్పటి కార్లలో ఫ్యానునకు వేరుగ విద్యుత్ మోటారు కలదు. పలు కార్లలో కూలెంటు సుమారు 95 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరగా అది తిరుగ నారంభించి, 90 ప్రాంతమునకు దిగగా ఆగును. కార్లనుబట్టి ఈ అంకెలు కొంత మారును.

కావున ఫ్యాను తనంత తాను తిరుగునది కాదు. ఆజ్ఞ వచ్చిన తిరుగును. మా బడి విద్యుత్ గంట యొకనాడు మ్రోగుట మానలేదు. గంటను విప్పి చూచిన ప్రయోజనమేమి? గోడమీది మీట లోనికి పోయి ఇరుక్కొనియుండెను. ఫ్యాను విషయముననుగూడ ఆజ్ఞ ఎచ్చటనుండి వచ్చుచున్నదో వెదకవలెను.

కొన్ని ఆజ్ఞలు న్యాయమైనవే. ఏసీ వేసినయెడల కూలెంటు చల్లగా ఉన్నను ఫ్యాను తిరుగును. ముందరి అద్దముపై ఆవిరిని తొలగించు మీట నొక్కినచో, కొన్ని కార్లలో ఏసీ తానే పనిచేయును. దానినిగూడ ఆర్పి చూడవలెను. ఎండలో దూరము వచ్చి ఇంజను ఆపిన పిదప కొన్ని కార్లలో ఫ్యాను కొద్ది నిమిషములు తిరిగి ఆగుటయు రోగము కాదు.

పైవి కానియెడల ఒక ప్రశ్న వేసికొనవలెను: తాళపుచెవి తీసినపుడు ఫ్యాను ఆగుచున్నదా, లేదా? ఈ యొక్క ప్రశ్నతో సగము పని తీరును.

చెవి తీయగనే ఆగి, చెవి త్రిప్పగనే చల్లని ఇంజనుపై గూడ తిరుగుచున్నచో, ముందుగా ఉష్ణోగ్రతను తెలుపు సెన్సారును అనుమానింపవలెను. ఇది వేడి పెరిగినకొలది విద్యుత్ నిరోధము తగ్గు వస్తువు. పలు కార్లలో 20 డిగ్రీల వద్ద సుమారు 2000 నుండి 3000 ఓములుండి, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములకు దిగును. కారులోని కంప్యూటరు ఈ నిరోధమును చూచి వేడిని లెక్కగట్టును. దాని తీగ తెగినను, ఎలుక కొరికినను, కనెక్టరులో పచ్చని చిలుము పట్టినను నిరోధము అనంతమగును. అపుడు స్కానరు పెట్టి చూచిన, పలు కార్లలో ఇంజను మైనస్ 40 డిగ్రీలున్నట్లు కనబడును; మన హోసూరు మార్గశిరములో సైతము అంతటి చలి ఎవరును ఎరుగరు. ఈ వార్త నమ్మదగినది కాదని కంప్యూటరు గ్రహించి, ఇంజనునకు అపాయము రాకుండుటకై ఫ్యానును ఆపక త్రిప్పుచుండును. స్కానరులో పి 0118 అను సంకేతము వచ్చినచో సామాన్యముగ ఇదియే అర్థము. ఇచట ఫ్యాను దోషి కాదు, కావలివాడు.

ఇందొక చిక్కు కలదు. దీనిని తెలియక పలువురు మోసపోవుచున్నారు. కంప్యూటరు ప్రమేయము లేని పాత పద్ధతి కార్లలో రేడియేటరునకే ఒక థర్మో స్విచ్చి బిగించియుండును. అది వేడికి కలిసికొని, చల్లబడగా విడివడును. దాని కనెక్టరు ఊడదీయగా ఫ్యాను ఆగినచో, స్విచ్చియే చెడినదని నిర్ణయింపవచ్చును. కొత్త కార్లలో సెన్సారు కనెక్టరు ఊడదీసినచో ఫ్యాను ఆగుటకు మారుగా తిరుగ నారంభించును. ఒకే పరీక్షకు రెండు కార్లలో రెండు విరుద్ధమైన ఫలితములు! తన కారు ఏ పద్ధతిదో తెలియక ఈ పరీక్ష చేసినవారు మంచి సెన్సారును పారవేయుదురు. అంతకన్న తేలికైన పరీక్ష తెల్లవారినపుడు చేయునది. రాత్రియంతయు నిలిచిన కారులో, ఇంజను నడపకముందే స్కానరు పెట్టి కూలెంటు ఉష్ణోగ్రతను, లోనికి పోవు గాలి ఉష్ణోగ్రతను చూడవలెను. రెండును ఇంచుమించు సమానముగ నుండవలెను. ఒకటి 24, మరియొకటి 70 అని చూపినచో అబద్ధమాడునది ఏదో చెప్పనక్కరలేదు.

సెన్సారు నిజమే చెప్పుచున్నచో ఇంజను నిజముగనే కాగుచున్నదని అర్థము. అపుడు కూలెంటు తగ్గినదా, రేడియేటరు రేకుల నడుమ దుమ్ము పురుగులు నిండినవా, థర్మోస్టాట్ మూసికొనిపోయినదా యని చూడవలెను. పై గొట్టము కాలుచుండగా క్రింది గొట్టము చల్లగనే యున్నచో థర్మోస్టాట్‌ను శంకింపవచ్చును. మన ప్రాంతపు బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర ఇల్లాండ్రందరును ఎరిగినదే. ఆ నీరే పోయుచున్నచో రేడియేటరు సన్నని గొట్టములలోను ఆ పొరయే పట్టును. కంపెనీ చెప్పిన కూలెంటునే, చెప్పిన పాళ్లలో, లవణములు తీసిన నీటితో కలిపి పోయవలెను. సామాన్యముగ కూలెంటులో నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము. డబ్బాను పిల్లలకు అందనీయరాదు. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. ప్రెషరు కుక్కరులోవలెనే అచ్చటను ఒత్తిడి యుండుటచేత ద్రవము నూరు డిగ్రీలు దాటినను మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున మరిగి ముఖముపైకి ఎగయును.

ఇక చెవి తీసినను ఆగని ఫ్యాను. మా వాకిట నిలిచినది ఇదియే. పది ఆంపియర్లు త్రాగు ఫ్యాను 35 ఆంపియర్-గంటల బ్యాటరీని మూడున్నర గంటలలో ఖాళీ చేయును. ఇంజనును త్రిప్పు సత్తువ అంతకు ముందే నశించును. ఇట్టిచో మొదట అనుమానింపవలసినది రిలే. సెన్సారుగాని కంప్యూటరుగాని ఫ్యానునకు కావలసిన పెద్ద విద్యుత్తును మోయజాలవు. అవి రిలేలోని చిన్న తీగచుట్టకు స్వల్ప ప్రవాహమును పంపును. అది అయస్కాంతమై రెండు మొనలను కలుపును. పెద్ద ప్రవాహము ఆ మొనల ద్వారా ఫ్యానునకు పోవును. పెద్ద ప్రవాహము మితిమీరినచో మొనలు కరిగి ఒకదానితో నొకటి అతుకుకొనిపోవును. ఆపై ఆజ్ఞ ఉన్నను లేకున్నను ఫ్యాను తిరుగుచునే యుండును.

పరీక్ష సులభము. చెవి తీసి, ఫ్యూజుపెట్టె మూతమీది బొమ్మనుబట్టి ఫ్యాను రిలేను గుర్తించి పెరుకవలెను. ఫ్యాను వెంటనే ఆగినచో, అదే అంకెగల మరియొక రిలేను, సామాన్యముగ హారనుదానిని, ఆ స్థలమున పెట్టి చూడవలెను. అపుడు తిరుగకున్నచో దోషము పాత రిలేదే. రెండవ రిలేతోను తిరుగుచున్నచో ఆజ్ఞ తీగయందో కంప్యూటరునందో లోపము. రిలే పెరికినను ఆగనియెడల తీగ ఎచ్చటనో తాకుచున్నది. బ్యాటరీ రుణ తీగను విప్పి పనివానియొద్దకు పోవుట మంచిది. రిలేకు బదులు ప్రత్యేకమైన కంట్రోలు పెట్టె గల కొత్త కార్లలో ఈ పరీక్షకు తావులేదు. ఏ కారునైనను ఫ్యాను ఆగియున్నంత మాత్రమున వ్రేలు పెట్టరాదు, చెప్పక తిరుగును. మెడలోని తువ్వాలును తీసి ప్రక్కన పెట్టవలెను.

ఆ తండ్రిగారి కారులో రిలే పెరుకగనే ఫ్యాను నిలిచినది. హారను రిలే పెట్టగా తిరుగలేదు. రెండు మూడు వందల రూపాయల వస్తువు! మోటారునకు పెట్టినది వేలు. అయినను మోటారు మార్చిన మెకానికును మేము పూర్తిగా తప్పుపట్టము. పాత మోటారు బేరింగు అరిగి బరువుగా తిరుగుచున్నదని వారు చెప్పిరి. అట్టి మోటారు ఎక్కువ విద్యుత్తును లాగును. రిలే మొనలను అతికించినది అదియే కావచ్చును. మోటారు మార్చినపుడు రిలేను గూడ పెరికి చూచియున్న, ఆనాటి బాడుగ దక్కియుండెడిది.

చెడిన రిలేను వారు మాకే ఇచ్చిరి. దాని మూత కోసి, పదవ తరగతి విద్యుదయస్కాంత పాఠమునకు ఉపయోగించుచున్నాము. అతుకుకొన్న రెండు మొనలును కంటికి స్పష్టముగ కనబడుచున్నవి.