తెల్లారాక పలకరించే యాప్

మా కూచిపూడిలో రాత్రంతా మేలుకోవడం ఒకప్పుడు వింతేమీ కాదు. భామాకలాపం మొదలైతే తెల్లవారుజాముకు గానీ ముగిసేది కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా తెర మీదుగా జడ వేశారంటే ఇంక ఊరికి నిద్రెక్కడిది! మర్నాడు మధ్యాహ్నం అరుగుల మీద ఆ బాకీ తీర్చేసుకునేవారు. ఇప్పుడు మా బాబాయి మేలుకుంటున్నాడు. తెరా లేదు, మద్దెలా లేదు. ముఖం మీద ఫోను వెలుగు ఒక్కటే.

మొన్న పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒరేయ్, రాత్రి నాకు గాఢనిద్ర 42 నిమిషాలేనట్రా. ఏమన్నా జబ్బంటావా?"

"లేచినప్పుడు ఎలా ఉంది బాబాయ్?"

"లేచినప్పుడు బానే ఉంది. ఈ నిద్ర యాప్ చూశాకే నీరసమొచ్చింది."

ఈ తంటాకి ఒక పేరు కూడా ఉంది. నిద్ర లెక్కలు చూసుకుని చూసుకుని, ఆ దిగులుతోనే నిద్ర పోగొట్టుకోవడాన్ని అమెరికా పరిశోధకులు 2017లో 'ఆర్థోసోమ్నియా' అన్నారు. అడుగడుక్కీ కాళ్ల వంక చూసుకునే పిల్లకి తాళం తప్పుతుంది. నిద్ర సంగతీ అంతే.

అసలు పరుపు మీద పెట్టిన ఫోనుకి ఏం తెలుస్తుంది? మీరు కదిలితే దానికి అందుతుంది, గురక పెడితే వినిపిస్తుంది. అంతవరకే. నిద్ర ఏ దశలో ఉందో తేల్చాలంటే తలకి తీగలు అంటించి మెదడు తరంగాలూ, కనుగుడ్ల కదలికా, కండరాల బిగువూ రాత్రంతా రాయించాలి. ఆసుపత్రిలో చేసే పాలిసోమ్నోగ్రఫీ అదే. చేతికి పెట్టుకునే స్మార్ట్ గడియారమైతే నాడి కూడా చూస్తుంది గనుక కాస్త నయం, అయినా అంచనాయే. కదలకుండా పడుకుని దూలాలు లెక్కపెట్టే మనిషిని కూడా ఫోను హాయిగా నిద్రపోతున్నాడని రాసేసుకోగలదు. కాబట్టి నిద్రపట్టనివాళ్లు కొలిచే యాప్ జోలికి పోకపోవడమే మంచిది. ఇప్పటికే ఉంటే ఈపూటే తీసేయండి.

జోకొట్టే యాప్‌లు వేరే రకం. వాన చప్పుడు, కథలు, యోగనిద్ర. వీటితో గొడవేం లేదు. తెలుగు గొంతు ఉన్నది చూసుకోండి. కళ్లు మూతలు పడుతున్న వేళ ఇంగ్లీషుని అర్థం చేసుకుంటూ కూర్చోవడం దేనికి? అరగంటకి తనంతట తానే ఆగేలా టైమర్ పెట్టి, ఫోను బోర్లించేయండి.

నెలల తరబడి, వారానికి మూడు నాలుగు రాత్రులు నిద్ర చెడిపోయేవాళ్లకి మాత్రం జోల చాలదు. నేర్పే యాప్ కావాలి. దీని వెనకున్న, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే పద్ధతిని సీబీటీ-ఐ అంటారు. నిద్రలేమికి మందుబిళ్లకంటే ముందు దీన్నే ప్రయత్నించమని అమెరికా వైద్యుల సంఘం ఏసీపీ 2016లో చెప్పింది. ఈ పద్ధతి మీద నడిచే 'స్లీపియో'ను బ్రిటన్‌లో చికిత్సల మంచిచెడ్డలు తేల్చే నైస్ సంస్థ 2022లో నిద్రమాత్రలకు బదులుగా సిఫారసు చేసింది. అమెరికా మాజీ సైనికుల శాఖ తయారుచేసిన 'ఇన్సోమ్నియా కోచ్' ఉచితం. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంట్లో చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

మంచి యాప్‌ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. అది మిమ్మల్ని రాత్రి పలకరించదు, తెల్లారాక పలకరిస్తుంది. ఎప్పుడు పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచారు అని అడుగుతుంది. వారం పోయాక లెక్క తీస్తుంది.

బాబాయి లెక్క నేనే తీశాను. రాత్రి 9కి మంచమెక్కుతాడు, పొద్దున 6కి దిగుతాడు. మంచం మీద 9 గంటలు, నిద్ర ఐదున్నర. అంటే నూటికి 61. అది 85కి చేరాలి. మనకెవరికైనా ఏమనిపిస్తుంది? ఇంకా పెందలాడే పడుకోవాలని! మంచి యాప్ దీనికి అడ్డంగా చెబుతుంది. 11.30 దాకా మంచం ఎక్కొద్దు, రాత్రి ఎలా గడిచినా సరే 5.30కి లేచి తీరాలి అంటుంది. ఆ ఆరు గంటల్లో నిద్ర చిక్కబడ్డాక, పడుకునే వేళని ఓ పావుగంట చొప్పున ముందుకి జరుపుతుంది. ఆర్థర్ స్పీల్‌మన్ బృందం 1987లో ప్రచురించిన ఉపాయం ఇది. దీనికి తోడు ఇంకో నియమం, రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పింది: నిద్ర పట్టకపోతే లేచి అవతల గదిలో కూర్చోండి, కళ్లు వాలాకే మంచం దగ్గరికి రండి. మంచం నిద్రకే. వార్తలకీ, వాట్సాప్‌కీ, రేపటి అప్పుల లెక్కకీ కాదు.

మొదటి వారం పగలు తూగుతారు. బండి జాగ్రత్త. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, లారీలూ బస్సులూ నడిపేవాళ్లు డాక్టరు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ఈ సంగతులు ముందే అడగని యాప్‌ని నేనైతే నమ్మను. ఇప్పటికే నిద్రమాత్ర వేసుకుంటుంటే సొంతంగా హఠాత్తుగా ఆపొద్దు.

ఇక డబ్బు. ఒకసారి ఏడు రోజులు ఉచితం అన్నదానికి సరేనని నొక్కి మర్చిపోయాను. ఎనిమిదో రోజు ఏడాది చందా మొత్తం ఖాతాలోంచి పోయింది. ఆ రాత్రి నిజంగానే నిద్రపట్టలేదు! మీరు మాత్రం యాప్ వేసుకున్న పూటే ఆటోపే సంగతి చూసుకోండి. గురక వినడానికి మైకు అడిగితే అర్థముంది. మీ కాంటాక్టులు దేనికట?

ఏ యాపూ పనికిరాని సందర్భాలు ఉన్నాయి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టై ఉలిక్కిపడి లేచేవాళ్లు, పగలు కూర్చున్నచోటే తూగేవాళ్లు, బెజవాడ వెళ్లి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఈ విషయంలో మీ మాట కంటే పక్కన పడుకునేవాళ్ల మాటకే విలువ ఎక్కువ. బతుకు మీద విరక్తి పుట్టి నిద్ర దూరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

బాబాయి నేర్పే యాప్ కూడా వేసుకోలేదు. "ఆ ప్రశ్నలేవో నువ్వే రాసివ్వు" అన్నాడు. ఎరువుల కొట్టువాళ్లిచ్చిన పాత డైరీలో గళ్లు గీసిచ్చాను. ఫోను ఇప్పుడు హాల్లో టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంటోంది. గది గోడ గడియారాన్ని పిన్ని తీసేసింది. అన్నం తిన్నాక తీసే కునుకు గంటన్నర నుంచి ఇరవై నిమిషాలకి దిగింది, అదీ పిన్ని కేకలు వేస్తేనే. నిన్న ఆ డైరీ తిరగేశాను. మొదట్లో పేజీ నిండా రాసేవాడు. మూడో వారానికి వచ్చేసరికి ఒక్క ముక్క: "కుక్క మొరిగితే లేచాను. టైం చూడలేదు. మళ్లీ పట్టింది."